ఆకాశం కంటే ముందు ఆవిరి దాటింది

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ రోడ్డు పట్టుకుంటే నగరం శివార్లు దాటిన కాసేపటికే సిల్తారా వస్తుంది. బొగ్గు లారీలు, ఇనుప ఖనిజం గుట్టలు, స్పాంజ్ ఐరన్ ప్లాంట్ల పొగగొట్టాలు, చెట్ల ఆకుల మీద నల్లటి పొర. కాలుష్యం వార్తల్లో తప్ప ఈ పారిశ్రామిక వాడ పేరు బయటివాళ్ళకు పెద్దగా వినబడదు. సూపర్‌సానిక్ అన్న మాటకూ ఈ ఊరికీ సంబంధం ఉందంటే ఎవరైనా నవ్వుతారు. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేవి తేజస్ విమానం, బ్రహ్మోస్ క్షిపణి, మహా అయితే రిటైరైపోయిన కాంకార్డ్.

అయినా ధ్వని వేగాన్ని దాటే ప్రవాహం సిల్తారాలో పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. స్పాంజ్ ఐరన్ కిల్న్‌లో ఖనిజం, బొగ్గు కలిసి కాలాక వెలువడే వాయువుల వేడి 900 డిగ్రీల పైమాటే. ఆ వేడిని ఊరికే గాలిలో కలపకుండా బాయిలర్‌కు మళ్ళించి, ఆవిరి పుట్టించి, టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. టర్బైన్ కింద కండెన్సర్ ఉంటుంది. అందులో ఒత్తిడి మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడిలో పదో వంతు దగ్గర నిలవాలి. ఏ సందులోంచో గాలి చొరబడుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు తోడెయ్యాలి. చాలా ప్లాంట్లలో ఈ పని స్టీమ్ ఎజెక్టర్‌ది. తిరిగే భాగం ఒక్కటీ లేని ఈ గొట్టం లోపల చిన్న నాజిల్ ఒకటి ఉంటుంది. బాయిలర్ ఆవిరి ఆ నాజిల్‌లోంచి సెకనుకు దాదాపు కిలోమీటరు వేగంతో దూసుకొచ్చి, కండెన్సర్‌లోని గాలిని తనతో ఈడ్చుకుపోతుంది. వేగంలో అది బ్రహ్మోస్‌కు ఏమాత్రం తీసిపోదు. దాని పక్కనే నిలబడి గేజ్ చదివే ఆపరేటర్‌కు మాత్రం ఎవరూ ఈ సంగతి చెప్పి ఉండరు.

చెప్పకపోవడంతోనే వచ్చింది చిక్కంతా. సూపర్‌సానిక్ విద్య ఆకాశంలో పుట్టి నేలకు దిగిందని మన పాఠ్యపుస్తకాలూ టీవీ చర్చలూ నమ్మిస్తాయి. చరిత్ర నడిచింది అటునుంచి ఇటు. ఆవిరి యంత్రాల దగ్గర పుట్టిన విద్య తర్వాతెప్పుడో రెక్కలు తొడుక్కుంది. ఈ వరుస తెలియకపోవడం వల్ల క్షిపణి పరీక్ష జరిగిన రోజున గర్వపడటం అలవాటైంది గానీ, ఆ శాస్త్రాన్ని చేత్తో పట్టుకుని నేర్చుకునే చోట్లు మన చుట్టూ ఎన్ని ఉన్నా కంటికి ఆనడం లేదు.

మొదట అసలు విషయం. గాలిలో కదిలే ఏ వస్తువైనా ముందున్న గాలిని నెడుతుంది. ఆ నెట్టుడు కబురు ఒత్తిడి తరంగంగా ముందుకు సాగుతుంది, దాని వేగం ధ్వని వేగమే. మామూలు విమానం కంటే ముందే ఈ కబురు చేరుతుంది గనుక గాలి సర్దుకుని పక్కకు తప్పుకుంటుంది. విమానమే ధ్వనిని మించి పోతే కబురు వెనకబడిపోతుంది. దండోరా ఇంకా పొలిమేరలో ఉండగానే తహసీల్దారు రచ్చబండ దగ్గర దిగినట్టు ఉంటుంది గాలి పరిస్థితి. మెల్లగా సర్దుకునే వ్యవధి లేక, మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే పల్చని పొరలోనే ఒత్తిడి, సాంద్రత, ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఆ పొరే షాక్ వేవ్.

ధ్వని వేగం అంటే చాలామందికి ఒకే అంకె గుర్తుంటుంది, సెకనుకు 340 మీటర్లని. అది 15 డిగ్రీల గాలికి సంబంధించిన లెక్క. మే నెలలో సిల్తారాలో ఎండ 45 డిగ్రీలకు ఎక్కినప్పుడు అదే ధ్వని సెకనుకు 357 మీటర్లు పరుగెడుతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 56 డిగ్రీల చలిలో, 295 మీటర్లకు పడిపోతుంది. గంటకు 1,150 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం రాయ్‌పూర్ నేల దగ్గర ధ్వనిని దాటనట్టు, పైన దాటినట్టు లెక్క. అందుకే ఇంజనీర్లు కిలోమీటర్లను పక్కనబెట్టి, అక్కడి ధ్వని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే మాక్ సంఖ్య వాడతారు. 480 డిగ్రీలకు పైగా కాగిన ఆవిరిలోనైతే ధ్వని సెకనుకు 670 మీటర్ల దాకా పోతుంది. ఎజెక్టర్‌లో ఆవిరి వ్యాకోచిస్తూ చల్లబడుతుంది, దాంతో ధ్వని వేగం తగ్గుతుంది, ఆవిరి వేగం పెరుగుతుంది. రెండూ కలిసొచ్చి నాజిల్ నోటి దగ్గర మాక్ 3 దాటడం మామూలే.

ఈ నాజిల్ కథ పాలతో మొదలైంది. స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ డి లావాల్ 1878లో పాల నుంచి మీగడ తీసే యంత్రాన్ని తయారుచేశాడు. దాన్ని వేగంగా తిప్పడానికి మంచి చోదకశక్తి కోసం వెతుకుతూ ఆవిరి టర్బైన్ వైపు వచ్చాడు. ఆవిరిని ఎంత వేగంగా చక్రం మీద కొడితే అంత మేలు. గొట్టం సన్నబడే కొద్దీ ప్రవాహం వేగం పుంజుకుంటుందని అందరికీ తెలుసు. కానీ ఒక హద్దు దగ్గర అది ఆగిపోతుంది. ఎంత సన్నం చేసినా, వెనక ఒత్తిడి ఎంత పెంచినా గొంతు దగ్గర ప్రవాహం ధ్వని వేగాన్ని మించదు. 1880ల చివర్లో డి లావాల్ ఆ గొంతు తర్వాత గొట్టాన్ని మళ్ళీ వెడల్పు చేశాడు. మామూలు బుద్ధికి ఇది తలకిందుల పని, వెడల్పైతే వేగం తగ్గాలి కదా. ధ్వనిని అందుకున్న ప్రవాహం దగ్గర ఆ సూత్రం చెల్లదు. అక్కడ దారి వెడల్పయ్యే కొద్దీ వాయువు పల్చబడుతుంది, ఆ పల్చబడటం వెడల్పును మించిపోతుంది, అంత సరుకూ ముందుకు సాగాలంటే వేగం పెరిగి తీరాలి. ఆయన టర్బైన్ చక్రం నిమిషానికి 30,000 సార్లు తిరిగింది.

1887లో ఎర్న్‌స్ట్ మాక్, పీటర్ సాల్షర్ ఎగురుతున్న తుపాకీ గుండు ముందున్న షాక్ వేవ్ ఫొటోను ప్రచురించారు. ఆ ఫొటోకు దక్కిన పేరు డి లావాల్ నాజిల్‌కు దక్కలేదు. కానీ తర్వాతి అసలు పని జరిగింది జ్యూరిచ్‌లో, టర్బైన్ల మధ్యనే. అక్కడి ప్రొఫెసర్ అవురెల్ స్టొడోలా 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో నాజిల్ పొడుగునా ఒత్తిడి కొలిచి, లోపల ధ్వనిని దాటిన ప్రవాహం ఉందనీ, దాంట్లో షాక్‌లు నిలుస్తాయనీ రుజువు చేశాడు. ఆయన దగ్గర పనిచేసిన యాకోబ్ ఆకెరెట్టే 1929లో మాక్ సంఖ్య అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు. సూపర్‌సానిక్ రెక్కల మీద తొలి సిద్ధాంతాల్లో ఒకటి కూడా ఆకెరెట్‌దే. అమెరికాలో రాబర్ట్ గొడ్డార్డ్ రాకెట్లకు డి లావాల్ నాజిల్ తగిలించాడు. శ్రీహరికోట నుంచి లేచే ప్రతి రాకెట్ తోకలోనూ ఉన్నది మీగడ యంత్రం కోసం మొదలైన ఆ ఆకారమే. పైలట్ చక్ యెగర్ బెల్ ఎక్స్-1 విమానంలో తొలిసారి ధ్వనిని దాటింది 1947 అక్టోబర్ 14న. ఆవిరి అప్పటికి అరవై ఏళ్ళుగా దాటుతూనే ఉంది.

సిల్తారాకు కాస్త దూరంలోని భిలాయ్ కథ ఇంకా రసవత్తరం. 1959లో అక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగినప్పటి నుంచీ ఆ టౌన్‌షిప్ తెలుగువాళ్ళకు కొత్త చోటేమీ కాదు. అక్కడి కన్వర్టర్లలోనూ, మన విశాఖ ఉక్కు కర్మాగారంలోని కన్వర్టర్లలోనూ కరిగిన ఇనుములోంచి కార్బన్‌ను తొలగించేది ఆక్సిజన్. 1952లో ఆస్ట్రియాలోని లింట్జ్ పట్టణంలో పరిశ్రమ స్థాయిలో మొదలైన పద్ధతి ఇది. నీటితో చల్లబరిచే పొడవాటి లాన్స్‌ను పై నుంచి దించుతారు. దాని రాగి కొసలో నాలుగైదు నాజిళ్ళుంటాయి, అన్నీ డి లావాల్ రకమే. ఆక్సిజన్ అందులోంచి మాక్ 2 దరిదాపుల్లో బయటికి వస్తుంది. ఇంత వేగం ఎందుకంటే, లాన్స్ కొస కరిగిన లోహానికి మరీ దగ్గరగా వెళ్తే కాలిపోతుంది. మీటరున్నర, రెండు మీటర్ల ఎత్తు నుంచే లోహాన్ని గుంట పడేలా కొట్టాలి. సూపర్‌సానిక్ ధార ఆ దూరం దాకా చెదరకుండా ఊపు నిలుపుకుంటుంది.

ఇందులో మరో విశేషం ఉంది. వాయువు వేడిని ఖర్చుపెట్టే వేగం సంపాదిస్తుంది. 30 డిగ్రీల ఆక్సిజన్ మాక్ 2 అందుకునేసరికి మైనస్ 105 డిగ్రీలకు దిగిపోతుంది. కింద 1,600 డిగ్రీల ఉక్కు, పైన ధ్రువ ప్రాంతపు చలి కంటే చల్లని ధార, రెంటి మధ్య ఎడం మనిషి ఎత్తు. లాన్స్ నాజిల్ అంచు కొంచెం అరిగిందా, ధార చెదిరి ఊపు తగ్గుతుంది, ఆక్సిజన్ ఊదే సమయం పెరుగుతుంది, కార్బన్ లెక్క తప్పుతుంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి దీన్ని లాన్స్ బాగోలేదని చెబుతాడు. ఏరోస్పేస్ ఇంజనీరు ధార సరిగా వ్యాకోచించలేదంటాడు. ఇద్దరూ చెప్పేది ఒకే జబ్బు గురించి.

ఇప్పుడు పైకి చూద్దాం. రాయ్‌పూర్ మానా విమానాశ్రయంలో దిగే ఎయిర్‌బస్ ఏ320 పైన మాక్ 0.78 దగ్గర ప్రయాణిస్తుంది. అంటే ధ్వని కంటే తక్కువ. కానీ రెక్క పైభాగపు వంపు మీద గాలి వేగం పుంజుకుని కొంత మేర ధ్వనిని దాటేస్తుంది, ఆ మేర చివర్లో చిన్న షాక్ నిలుస్తుంది. ఎండ సరైన కోణంలో పడితే కిటికీ పక్క ప్రయాణికుడికి రెక్క మీద వణికే సన్నని గీతగా అది కనబడుతుంది కూడా. విమానం ఇంకొంచెం వేగంగా పోతే ఆ షాక్ బలపడి, దాని వెనక గాలి రెక్కను వదిలేస్తుంది, లాగుడు అమాంతం పెరుగుతుంది. రెక్కలను వెనక్కి వాల్చడం ఈ బాధను వాయిదా వెయ్యడానికే. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బుజెమాన్ 1935లో రోమ్‌లో జరిగిన సదస్సులో ఈ ఆలోచన చెబితే అప్పట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

ధ్వని గీత చుట్టుపక్కల లాగుడు ఎంత పగబడుతుందో మన దేశానికి అనుభవమే. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కోసం కర్ట్ టాంక్ రూపొందించిన హెచ్‌ఎఫ్-24 మారుత్ 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. దాన్ని తలపెట్టింది మాక్ 2 విమానంగా. చూడ్డానికి బాణంలా ఉండేది. తగిన ఇంజిన్ దొరకలేదు, చివరికి నేరుగా ఎగిరేటప్పుడు ధ్వనిని దాటలేని విమానంగానే మిగిలింది. 1971 యుద్ధంలో నేలపై దాడుల్లో బాగా పనికొచ్చిందన్నది వేరే సంగతి. ఆ తర్వాత బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ నడిపిన ఎల్‌సీఏ (తేలికపాటి యుద్ధ విమానం) కార్యక్రమంలో తేజస్ 2001 జనవరి 4న గాల్లోకి లేచి, 2003 ఆగస్టు 1న ధ్వనిని దాటింది. మారుత్‌కూ తేజస్‌కూ మధ్య దేశం సంపాదించుకున్న వాటిలో ముఖ్యమైనది బెంగళూరు ఎన్‌ఏఎల్‌లో 1967లో మొదలైన 1.2 మీటర్ల ట్రైసోనిక్ విండ్ టన్నెల్. అంతకు ముందే సతీశ్ ధావన్ ఐఐఎస్‌సీలో చిన్న సూపర్‌సానిక్ టన్నెల్ నిర్మించి, దాని దగ్గర విద్యార్థుల్ని తయారుచేశాడు. ముందు చిన్నది, తర్వాత పెద్దది. ఈ క్రమం గుర్తుపెట్టుకోదగ్గది.

విమానాల సంగతి వచ్చింది కాబట్టి చప్పుడు మాట కూడా. 2020 మే 20న మధ్యాహ్నం బెంగళూరులో పెద్ద శబ్దం వచ్చి కిటికీలు అదిరాయి. లాక్‌డౌన్‌లో ఇళ్ళలో ఉన్న జనం భూకంపమనుకున్నారు. వాయుసేన పరీక్ష విమానం నగరం వెలుపల 36,000-40,000 అడుగుల ఎత్తులో సూపర్‌సానిక్ వేగం నుంచి తగ్గుతున్నప్పుడు వచ్చిన శబ్దమని రక్షణ శాఖ సాయంత్రానికి చెప్పింది. ఆ రోజు సోషల్ మీడియాలో చెప్పుకున్న వివరణల్లో విమానం ధ్వని గోడను బద్దలుకొట్టిన క్షణాన ఒక్కసారి పేలుతుందన్న అపోహ బాగా తిరిగింది. నిజానికి ధ్వనిని మించి ఎగురుతున్నంత సేపూ ఆ షాక్ విమానం వెంట నేల మీద ఈడ్చుకుపోతూనే ఉంటుంది. కింద ఎవరి మీదుగా అది పోతే వాళ్ళకు ఒకసారి వినబడుతుంది. కాంకార్డ్ ఎగిరిన ఎత్తులో ఆ పట్టీ వెడల్పు దాదాపు 80 కిలోమీటర్లు. అది తెచ్చే ఒత్తిడి పెరుగుదల వాతావరణ పీడనంలో వెయ్యో వంతే, అయినా రెప్పపాటులో వస్తుంది కాబట్టి గుండె ఝల్లుమంటుంది.

కాంకార్డ్‌కు మన గగనతలంలో ఆ వేగంతో ఎగిరే అనుమతి దొరకలేదు. లండన్, బహ్రెయిన్, సింగపూర్ మార్గం గిట్టుబాటు కాక 1980లో మూతపడటానికి అదో కారణం. ఎయిర్ ఇండియా కూడా ఒకప్పుడు రెండు కాంకార్డ్‌ల కోసం పేరు నమోదు చేసుకుని తర్వాత వదులుకుంది. ఇండియా చేసింది సబబే. కింద పొలంలో ఉన్నవాడి చెవి అదరగొట్టి పైన వందమంది రెండు గంటలు ఆదా చేసుకోవడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు. ఇప్పుడా లెక్క మారే సూచనలు ఉన్నాయి. బూమ్ కంపెనీ ఎక్స్‌బీ-1 విమానం 2025 జనవరి 28న ధ్వనిని దాటినా నేల మీద చప్పుడు వినబడలేదు. నాసా తయారు చేయించిన పొడవాటి ముక్కు ఎక్స్-59 అదే ఏడాది అక్టోబర్‌లో తొలిసారి ఎగిరింది. షాక్‌లు ఒకదానితో ఒకటి కలిసి బలపడకుండా ఆకారాన్ని మలచడమే అందులోని కిటుకు. 1973 నుంచి నేల మీదుగా పౌర సూపర్‌సానిక్ ప్రయాణాన్ని నిషేధించిన అమెరికా 2025 జూన్‌లో ఆ నిషేధం ఎత్తేసే దిశగా ఆదేశాలిచ్చింది. రేపు ఇలాంటి విమానాలు మన గగనతలం అడిగితే ఎంత చప్పుడు ఒప్పుకోవాలో తేల్చాల్సింది మనవాళ్ళే. కొలిచే విద్య చేతిలో ఉంటేనే ఆ బేరంలో మన మాట నిలుస్తుంది.

ఈ రంగంలో తెలుగు నేల ఖాళీగా లేదు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ రూపొందించిన హెచ్‌ఎస్‌టీడీవీ వాహనం 2020 సెప్టెంబర్ 7న ఒడిశా తీరం నుంచి లేచి, 30 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు దాదాపు 2 కిలోమీటర్ల వేగంతో, సొంత స్క్రామ్‌జెట్ ఇంజిన్ బలంతో 20 సెకన్లకు పైగా ప్రయాణించింది. ఇస్రో అంతకు ముందే 2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుంచి స్క్రామ్‌జెట్‌ను 5 సెకన్లు మండించింది. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ప్రారంభమైన హైపర్‌సానిక్ విండ్ టన్నెల్ మాక్ 5 నుంచి 12 దాకా పరీక్షించగలదు, దాని నాజిల్ నోరు మీటరు వెడల్పు. 2025 ఏప్రిల్ 25న అదే నగరంలో స్క్రామ్‌జెట్ దహన గదిని నేల మీద 1,000 సెకన్లకు పైగా నడిపారు.

స్క్రామ్‌జెట్‌లో కష్టం ఎక్కడుందో తెలిస్తే ఆ 1,000 సెకన్ల విలువ అర్థమవుతుంది. మాక్ 6 దగ్గర ఎదురొచ్చే గాలిని పూర్తిగా ఆపితే అది 1,600 డిగ్రీల చేరువకు కాగుతుంది, అంటే భిలాయ్ కన్వర్టర్‌లో ఉక్కు కరిగే వేడి. అందుకే గాలిని ఆపకుండా, ధ్వనిని మించిన వేగంలోనే ఉంచి అందులో ఇంధనం మండించాలి. మీటరు పొడవు గదిని గాలి దాటేది సెకనులో వెయ్యో వంతు సమయంలో. ఆ లోపే ఇంధనం కలవాలి, అంటుకోవాలి, మండటం పూర్తవ్వాలి. గది గోడలను చల్లబరచడానికి అదే ఇంధనాన్ని ముందు వాటి చుట్టూ తిప్పుతారు.

ఇంత పెద్ద ప్రయోగశాల పైన, మరి కింద మెట్లు ఎలా ఉన్నాయి? మెకానికల్ విద్యార్థికి ఈ శాస్త్రం కంప్రెసిబుల్ ఫ్లో అనే పాఠం, ఆ పాఠమంటే గ్యాస్ టేబుల్స్ పుస్తకం. మాక్ 2 అడిగితే వరుస చూసి అందులోని అంకె రాయడం, సెమిస్టర్ దాటగానే మరిచిపోవడం. సన్నబడి వెడల్పయ్యే నాజిల్ బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్న కుర్రవాడే రెండేళ్ళ తర్వాత ఏదో పవర్ ప్లాంట్‌లో చేరి, ఎజెక్టర్ ముందు నిలబడి, ఇది అదేనని గుర్తుపట్టలేకపోతాడు. తప్పు వాడిది కాదు, చూపించని వాళ్ళది.

గుర్తుపట్టలేకపోవడానికి ఖరీదు ఉంది. వేసవి రాత్రి షిఫ్టులో వ్యాక్యూమ్ పడిపోతోందని ఫోన్ వస్తుంది. కూలింగ్ టవర్ చూస్తారు, గ్లాండ్ సీలింగ్ చూస్తారు, లీకేజీ వెతుకుతారు. ఇవన్నీ చూడాల్సినవే. కానీ ఎజెక్టర్‌కు వచ్చే ఆవిరి ఒత్తిడి డిజైన్ కంటే తగ్గినా, తడి ఆవిరి నాజిల్ గొంతును కోసేసినా లోపలి షాక్ తన చోట నిలవదు. షాక్ స్థానం తప్పితే ఎజెక్టర్ లాగడం మానేసి ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది. ఇలాంటప్పుడు వాల్వ్ ఇంకా తెరిచి ఎక్కువ ఆవిరి పంపితే బాగుపడుతుందనుకోవడం చాలాచోట్ల రివాజు. అరిగిన నాజిల్ అంతకంతకూ ఆవిరి తింటుంది, పని మాత్రం చెయ్యదు. కండెన్సర్‌లో ఒత్తిడి పెరిగిన మేరకు ఒక్కో యూనిట్ కరెంటుకు ఎక్కువ ఆవిరి, దాని వెనక ఎక్కువ బొగ్గు. సిల్తారా గాలికి ఆ అదనపు మసి అక్కర్లేదు. సేఫ్టీ వాల్వ్ లేచినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళు ఉలిక్కిపడే హోరు కూడా సూపర్‌సానిక్ ధారదే. ఆ ధారలోని షాక్‌లు దాని గొంతును మరింత కీచుగా మారుస్తాయి. సరైన సైలెన్సర్ ఎంచుకోవడం ఈ శాస్త్రం తెలిసినవాడి పని.

ఈ శాస్త్రాన్ని కాలేజీ ల్యాబ్‌లో ప్రయోగం చేయించి నేర్పాలంటే రెండు అభ్యంతరాలు వినబడతాయి. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసుకుంటే చాలదా అన్నది మొదటిది. షాక్ వెళ్ళి గోడ పక్కన మందగించిన గాలి పొరను తాకినప్పుడు ఏం జరుగుతుందన్న ప్రశ్న దగ్గర నేటికీ పెద్ద పెద్ద ప్రోగ్రాములు తడబడతాయి. కొలతతో సరిచూసుకోని రంగుల బొమ్మను నమ్మే ఇంజనీరు ప్రమాదకరం. రెండోది ఖర్చు. హైదరాబాద్ టన్నెల్ లాంటిది కాలేజీకి తెమ్మని ఎవరూ అడగడం లేదు. ఏ ఫ్యాక్టరీలోనైనా ఉండే 7 బార్ కంప్రెసర్, వెయ్యి లీటర్ల గాలి ట్యాంకు, లేత్ మీదో మిల్లింగ్ మీదో చెక్కిన చిన్న నాజిల్, దాని పొడుగునా పదిహేను సన్న రంధ్రాలకు ప్రెషర్ గేజ్‌లు. 5 మిల్లీమీటర్ల చదరపు గొంతు పెడితే ఆ ట్యాంకు నిమిషానికి పైగా ప్రవాహం ఇస్తుంది. పక్కకు గాజు కిటికీ, రెండు పుటాకార అద్దాలు, ఒక దీపం, ఒక బ్లేడు అంచు ఉంటే 1864లో ఆగస్ట్ టోప్లర్ కనిపెట్టిన ష్లీరెన్ పద్ధతిలో షాక్ కంటికి కనబడుతుంది. ఫోన్ కెమెరా చాలు.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాక్ 2 ధార నాజిల్ నోటి నుంచి దాదాపు చెదరకుండా వస్తుంది. ఒత్తిడి తగ్గే కొద్దీ అంచుల దగ్గర వాలు షాక్‌లు లేచి ఒకదాన్నొకటి కోసుకుంటాయి. బయటి గాలికి 1.7 రెట్ల దిగువకు పడగానే షాక్ నిటారుగా నిలబడి నోట్లోంచి లోపలికి, గొంతు వైపు నడవడం మొదలుపెడుతుంది, ఒక్కొక్క గేజ్ ముల్లూ దాన్ని దాటించుకుంటూ ఎగబాకుతుంది. స్టొడోలా జ్యూరిచ్‌లో చూసింది ఇదే. దీన్ని మూడో ఏడాది ల్యాబ్‌లో తప్పనిసరి ప్రయోగంగా పెట్టవచ్చు. 1956లో గనులు, లోహశాస్త్రం కోసం మొదలైన రాయ్‌పూర్ ఎన్‌ఐటీకి పక్కనే ఉక్కు పరిశ్రమ ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ అదే సౌకర్యం. కంపెనీలు సామాజిక బాధ్యత నిధుల్లోంచి తలా ఒక కంప్రెసర్ ఇవ్వొచ్చు. షట్‌డౌన్‌లో తీసి తుక్కుకు పంపే పాత ఎజెక్టర్లను, అరిగిన లాన్స్ కొసలను మధ్యకు కోయించి ల్యాబ్ బల్ల మీద పెట్టించడానికైతే నిధులు కూడా అక్కర్లేదు, ఒక మెమో, ఒక గేట్ పాస్ చాలు.